రెండో లెవెల్ ఎవరి కోసం అంత కష్టం?



వార్షికోత్సవ సంచికకు వ్యాసం ఇవ్వమనగానే ఎక్కువమంది విద్య విలువ గురించో, క్రమశిక్షణ గురించో, సెల్‌ఫోన్ వల్ల కలిగే నష్టాల గురించో రాస్తారు. అవి అవసరమే. నేను మాత్రం ఒక వీడియో గేమ్ గురించి రాస్తున్నాను. అదీ ముప్పై ఏళ్ళు దాటిన పాత గేమ్. అరచేతిలో పట్టే నింటెండో గేమ్ బాయ్ యంత్రం కోసం వచ్చిన 'ది లయన్ కింగ్'.

హాస్టల్ సంచికలో వీడియో గేమ్ సమీక్ష ఏమిటని పెద్దలు కొందరు ముఖం చిట్లించవచ్చు. సినిమాను సమీక్షిస్తాం, కథను సమీక్షిస్తాం. గేమ్‌ను కూడా కొందరు మనుషులే కూర్చుని, లెక్కలు వేసి, ఎవరినో ఒకరిని దృష్టిలో పెట్టుకుని తయారుచేస్తారు. ఎవరిని దృష్టిలో పెట్టుకున్నారు, ఎవరిని పక్కన పెట్టారు అని అడగడం దండగ పని కాదు. ఈ ఒక్క గేమ్ విషయంలో ఆ ప్రశ్న అడిగితే వచ్చే జవాబు మన హాస్టల్ గదుల దాకా వస్తుంది. అందుకే ఈ వ్యాసం.

ముందు గేమ్ సంగతి. డిస్నీ సంస్థ తీసిన 'ది లయన్ కింగ్' బొమ్మల సినిమా 1994 జూన్‌లో విడుదలైంది. అదే సంవత్సరం చివర్లో వర్జిన్ ఇంటరాక్టివ్ సంస్థ ద్వారా గేమ్ మార్కెట్లోకి వచ్చింది. టీవీకి తగిలించుకునే పెద్ద యంత్రాల కోసం, అంటే సూపర్ నింటెండో, సెగా జెనెసిస్‌ల కోసం, దాన్ని వెస్ట్‌వుడ్ స్టూడియోస్ తయారుచేసింది. గేమ్ బాయ్ కోసం ఒక చిన్న రూపం వేరుగా వచ్చింది. ఈ కథ మనకూ కొత్తది కాదు. 2019లో వచ్చిన కొత్త సినిమా తెలుగులోనూ విడుదలై, సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు, పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు అలీ గొంతునిచ్చారు. తండ్రిని పోగొట్టుకున్న సింహం పిల్ల దేశం విడిచి పారిపోయి, పెరిగి పెద్దదై, తిరిగి వచ్చి తన చోటును దక్కించుకోవడం కథ. గేమ్‌లో మనం ఆ పిల్లను నడిపించాలి.

గేమ్ బాయ్ యంత్రం 1989లో జపాన్‌లో పుట్టింది. దాని వెనక ఉన్న ఇంజనీరు గున్‌పే యొకోయి. తెర అడ్డంగా 160 చుక్కలు, నిలువుగా 144 చుక్కలు. రంగులు లేవు. నాచురంగు తెర మీద నాలుగు ఛాయలు, అంతే. పని చేసుకోవడానికి 8 కిలోబైట్ల జ్ఞాపకశక్తి. ఈ రోజు మన ఫోన్‌లో తీసుకునే ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు. అయినా గేమ్ బాయ్, దాని తర్వాత వచ్చిన గేమ్ బాయ్ కలర్ కలిపి ప్రపంచమంతటా 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. మన ఊళ్ళలో జాతరలకు, తిరునాళ్ళకు అమ్మే 'బ్రిక్ గేమ్' పెట్టెలు చూసినవాళ్ళు ఈ కాలపు యంత్రాన్ని ఊహించుకోగలరు.

గేమ్‌గా చూస్తే ఇందులో మెచ్చుకోదగ్గవి ఉన్నాయి. సింబాకు తెలిసిన విద్యలు కొన్నే. దూకడం, దొర్లడం, గర్జించడం. గర్జన ఊరికే రాదు. ఒకసారి గర్జిస్తే మళ్ళీ శక్తి కూడేదాకా ఆగాలి. పిల్ల సింహానికి పెద్ద గర్జన చేతకాదన్న సినిమాలోని విషయాన్ని ఒక్క డైలాగు లేకుండా ఆటగాడి బొటనవేలికి తెలియజేశారు. సినిమాలోని ఘట్టాలనూ వరుసగా తెచ్చారు. మొదట సొంత నేల, తర్వాత రాజునవ్వాలన్న ఉబలాటం, ఏనుగుల శ్మశానం, అడవి దున్నల తొక్కిసలాట, ప్రవాసం. పాటలకు గేమ్ బాయ్‌లో ఉన్నవి నాలుగే ధ్వని మార్గాలు. ఎల్టన్ జాన్ బాణీలను, హాన్స్ జిమ్మర్ సంగీతంతో ఆస్కార్ అందుకున్న సినిమా వాతావరణాన్ని ఆ నాలుగింటిలోకి దించడం చిన్న పని కాదు.

లోపాలు అంతకంటె పెద్దవి. సెగా యంత్రంలో తెర వెడల్పు 320 చుక్కలు. గేమ్ బాయ్‌లో సరిగ్గా అందులో సగం. తెర సగమైంది కదా అని సింబాను కూడా సగం చేస్తే బొమ్మ గుర్తుపట్టలేం. అందుకని బొమ్మ పెద్దదిగా ఉంటే చుట్టూ కనిపించే లోకం చిన్నదవుతుంది. ఎక్కడికి దూకుతున్నామో కనిపించకముందే దూకాల్సి వస్తుంది. గుంతలో పడ్డాకే అక్కడ గుంత ఉందని తెలుస్తుంది. అసలు యంత్రం మీద ఇంకో చిక్కు కూడా ఉంది. బొమ్మ వేగంగా కదిలితే దాని వెనక మసక నీడ సాగుతుంది.

దున్నల తొక్కిసలాట సంగతి చూడండి. సినిమాలో ఆ దృశ్యం రెండున్నర నిమిషాలే. దాన్ని తయారుచేయడానికి రెండేళ్ళకు పైగా పట్టింది. గేమ్ బాయ్ తెర మీద ఒకేసారి కదిలే బొమ్మ ముక్కలు 40కి మించకూడదు. ఒక అడ్డగీత మీద 10కి మించకూడదు. ఒక్కో ముక్క వెడల్పు 8 చుక్కలు. 32 చుక్కల వెడల్పున్న దున్నకు నాలుగు ముక్కలు కావాలి. మరి ఒక వరుసలో ఎన్ని దున్నలు పడతాయి? రెండు పడితే మూడోదానికి చోటు లేదు. మందను చూసి గుండె జారాల్సిన చోట ఈ లెక్క అడ్డం వస్తుంది. తయారుచేసినవాళ్ళ చేతకానితనం అని నేను అనను. ఆ పెట్టెలో పట్టేది అంతే.

ఇక అసలు విషయం, రెండో లెవెల్. మొదటి లెవెల్ హాయిగా సాగుతుంది. బల్లులు, పురుగులు, బండరాళ్ళు. ఎవరైనా దాటేస్తారు. రెండో లెవెల్లో సింబా జిరాఫీల తలల మీద నుంచి దూకాలి. కోతులు అతన్ని పట్టుకుని ఒకదాని నుంచి ఇంకోదానికి విసురుతాయి. పెద్ద యంత్రాల గేమ్‌లో కొన్ని కోతులు గులాబీ రంగులో ఉంటాయి. వాటి మీద గర్జిస్తే అవి అటు తిరుగుతాయి, విసిరే దిక్కు మారుతుంది. ఏ కోతి మీద ఏ వరుసలో గర్జించాలో ఎవరూ చెప్పరు. తప్పితే మొదటికి. ఇక గేమ్ బాయ్‌లోనైతే రంగుతో గుర్తు చెప్పే అవకాశమే లేదు. ప్రపంచవ్యాప్తంగా లక్షల మంది పిల్లలు ఈ లెవెల్ దగ్గర ఆగిపోయారు. ఇప్పుడు నలభై దాటిన వాళ్ళు కూడా ఆ కోతుల పేరెత్తితే పళ్ళు కొరుకుతారు.

పిల్లల సినిమా మీద తీసిన పిల్లల గేమ్. అందులో రెండో మెట్టు ఎందుకంత నిటారుగా ఉంది?

దీనికి జవాబు అద్దె షాపులో ఉంది. అప్పట్లో అమెరికాలో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే షాపులు గేమ్ కాట్రిడ్జ్‌లను కూడా రెండు మూడు రోజులకు అద్దెకిచ్చేవి. గేమ్ కంపెనీలకు ఇది కంటగింపు. జపాన్‌లో హక్కుదారు అనుమతి లేకుండా ఇలా అద్దెకివ్వడానికి వీల్లేదు. అమెరికాలో 1990లో వచ్చిన చట్టం కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ అద్దెను ఆపింది గాని, గేమ్ యంత్రాల కాట్రిడ్జ్‌లను మాత్రం మినహాయించింది. అంతకుముందు 1989లోనే నింటెండో సంస్థ బ్లాక్‌బస్టర్ అనే అద్దె షాపుల సంస్థపై కేసు వేసింది. దేనికంటే, గేమ్‌తో పాటు వచ్చే సూచనల పుస్తకాన్ని జిరాక్స్ తీసి అద్దెదారులకు ఇస్తున్నారని! జిరాక్స్ నోట్సు మీద చదువుకుని పైకొచ్చిన మనకు ఈ కేసు ఎవరి మీద వేసినట్టుందో వేరే చెప్పనక్కర్లేదు.

చట్టం ఆపలేకపోయిన దాన్ని గేమ్‌తోనే ఆపాలని చూశారు. వెస్ట్‌వుడ్ సహ వ్యవస్థాపకుడు లూయీ కాసిల్ తర్వాతి కాలంలో ఇంటర్వ్యూల్లో ఈ సంగతి చెప్పారు. అద్దెకు తెచ్చుకున్న పిల్లవాడు ఆ కొద్ది రోజుల్లో గేమ్‌లో కొంత భాగానికి మించి వెళ్ళకూడదని డిస్నీ వైపు నుంచి కోరారని, అందువల్లే రెండో లెవెల్లోని కోతుల చిక్కును కఠినం చేశామని ఆయన మాటల సారాంశం. ఆయన చెప్పింది పెద్ద యంత్రాల గేమ్ గురించి. చేతి యంత్రం గేమ్ కూడా ఆ ఘట్టాల దారినే నడిచింది.

అంటే ఏమిటి? ఆ లెవెల్ కథ కోసం కఠినం కాలేదు. ఆటలో మజా కోసం కఠినం కాలేదు. అద్దె పిల్లవాణ్ణి ఆపడం కోసం కఠినమైంది.

ఇద్దరు పిల్లల్ని ఊహించుకోండి. ఒకడింట్లో కాట్రిడ్జ్ సొంతం. వాడు ఇవాళ ఓడితే రేపు ఆడతాడు. వేసవి సెలవులంతా ఆడతాడు. వందోసారికి కోతుల వరుస కంఠతా వస్తుంది. రెండోవాడు శుక్రవారం సాయంత్రం అద్దెకు తెచ్చుకుని సోమవారం ఇచ్చేయాలి. వాడికున్నవి రెండు రోజులు. వాడి తెలివి మొదటివాడికి సమానం. వేళ్ళ చురుకుదనం సమానం. లెవెల్ కూడా ఒక్కటే. కాని మొదటివాడు గెలుస్తాడు, రెండోవాడు కాట్రిడ్జ్ తిరిగిచ్చేస్తూ "ఈ గేమ్ నాకు రాదు" అనుకుంటాడు. తన కొలత తీసుకునే ఆ గోడ కట్టారని వాడికెవరు చెప్పాలి?

అద్దె బతుకు మనకు తెలియనిది కాదు. ఒకప్పుడు రాత్రికి టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చుకుని వాడంతా నేల మీద కూర్చుని తెల్లవార్లూ మూడు సినిమాలు చూసిన ముచ్చట మన అమ్మానాన్నలు చెబుతారు. నిద్ర ఆపుకుని మరీ మూడో సినిమా ఎందుకు చూశారు? తెల్లారితే పెట్టె వెళ్ళిపోతుంది కనుక. సొంత టీవీ ఉన్నవాడు నిద్రొస్తే ఆపేసి పడుకుంటాడు. అద్దెకున్నవాడికి ప్రతి గంటకూ ధర ఉంటుంది. మనలో చాలామంది చదువు కూడా ఇలాంటిదే. సొంత చదువు ఉన్న ఇళ్ళు కొన్ని. అద్దె చదువు మనది. ఇన్నేళ్ళలో ముగించాలి, ఒక్కసారికే పాసవ్వాలి, తప్పితే ఇంటికి వచ్చి పనిలోకి దిగాలి.

మన చదువులోనూ ఒక రెండో లెవెల్ ఉంది. పదో తరగతి దాకా మన భాషలో, మన సారు చెప్పినట్టు హాయిగా సాగుతుంది. ఊళ్ళో ఫస్టు, మండలంలో పేరు. ఆ తర్వాత ఇంటర్ మొదటి సంవత్సరమో, డిగ్రీ మొదటి సెమిస్టరో వస్తుంది. ఒక్కసారిగా పుస్తకం ఇంగ్లీషులోకి మారుతుంది. లెక్చరర్ వేగం మారుతుంది. పక్కవాడు ముందే ట్యూషన్‌లో విన్న పాఠాన్ని మనం మొదటిసారి వింటాం. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళింది నేనే మొదటిదాన్ని. సెమిస్టర్ అంటే ఏమిటో, ఇంటర్నల్ మార్కులంటే ఏమిటో అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. నాతోపాటు హాస్టల్లో ఉండి, నాకంటే లెక్కలు బాగా చేసే ఒక అమ్మాయి మొదటి ఏడాది రెండు సబ్జెక్టులు పోయాక పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ ఆమె అన్నది కూడా ఆ అద్దె పిల్లవాడి మాటే. "నాకు రాదులే అక్కా."

ఇక్కడ ఒక తేడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. గేమ్ విషయంలో ఎవరో అడిగి మరీ ఆ లెవెల్‌ను కఠినం చేయించారు. మన చదువుల్లో ఎవరో గదిలో కూర్చుని హాస్టల్ పిల్లల్ని ఆపుదామని కుట్ర పన్నారని నేను అనడం లేదు. కాని ఇంటి దగ్గర చదివించే పెద్దలు, ట్యూషన్, ఇంకో ఏడాది ఆగగలిగే స్తోమత ఉన్న పిల్లవాణ్ణి దృష్టిలో పెట్టుకుని ఒక మెట్టు కడితే, అవి లేనివాళ్ళకు అది గోడే అవుతుంది. కట్టినవాడి మనసులో ఏముందన్నది గోడ ఎత్తును మార్చదు.

"కష్టం లేకపోతే విలువేముంది? కష్టపడితేనే రాటుదేలుతాం" అని కొందరంటారు. ఈ మాట సభల్లో చప్పట్లు కూడా తెచ్చుకుంటుంది. నేను కష్టానికి వ్యతిరేకిని కాను. గేమ్ బాయ్ మీదే 'టెట్రిస్' అనే ఆట ఉంది. అది సింబా ఆటకంటే ఏమీ తేలిక కాదు. కాని ఓడిన ప్రతిసారీ ఎందుకు ఓడామో కళ్ళ ముందే కనిపిస్తుంది. అక్కడ ఆ ముక్కను అడ్డంగా పెట్టాను కాబట్టి అని. మరుక్షణం మళ్ళీ మొదలుపెట్టవచ్చు. నేర్పే కష్టం అలా ఉంటుంది. ఎందుకు ఓడామో చెప్పకుండా, మళ్ళీ ఆడనివ్వకుండా ఆపే కష్టం సుంకం వసూలు చేసే గేటు లాంటిది. రెండింటినీ ఒకే మాటతో పొగడకూడదు.

ఇంకో వాదన కూడా ఉంది. గేమ్ బాయ్ గురించి చెప్పేటప్పుడు "చూడండి, నాలుగు ఛాయలతోనే ప్రపంచాన్ని గెలిచింది, లేమిలోనే గొప్పతనం పుడుతుంది" అని ఉదాహరిస్తుంటారు. ఇది సగం నిజం. అదే సమయంలో 1989లో అటారీ లింక్స్, 1990లో సెగా గేమ్ గేర్ రంగుల తెరలతో వచ్చాయి. గేమ్ గేర్ ఆరు బ్యాటరీలను నాలుగైదు గంటల్లో మింగేసేది. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలు దాటి నడిచేది. బాగా నలిగిన, చవకైన పాత సాంకేతికతను కొత్త విధంగా వాడాలన్నది యొకోయి సిద్ధాంతం. గమనించండి, రంగుల తెర వాళ్ళకు దొరకక కాదు. ధర తగ్గాలని, బ్యాటరీ నిలవాలని ఆలోచించి వద్దనుకున్నారు. మనం ఎంచుకున్న పరిమితి వేరు, మన నెత్తిన పడ్డ లేమి వేరు. ఒక గదిలో పదిహేనుమంది, ఒక్క ట్యూబులైటు, లైబ్రరీలో ముందు ఎడిషన్ పుస్తకాలు, ఇవి మనం ఎంచుకున్నవి కావు. వాటి మధ్య చదివి గెలిచినవాళ్ళను గౌరవిద్దాం. ఆ లేమిని మాత్రం పొగడవద్దు. పొగిడితే దాన్ని తొలగించాల్సిన అవసరం ఎవరికీ కనిపించదు.

మరి మార్గమేమిటి? దీనికి కూడా ఆ గేమే ఒక దారి చూపింది. 2019లో 'అల్లాదీన్', 'ది లయన్ కింగ్' పాత గేమ్‌లను గేమ్ బాయ్ రూపాలతో సహా కలిపి నేటి యంత్రాల కోసం మళ్ళీ విడుదల చేశారు. నేను ఒక స్నేహితురాలి ల్యాప్‌టాప్‌లో ఆడింది ఇదే. గేమ్ పాతదే. ఆ జిరాఫీలే, ఆ గుంతలే. కాని అందులో రెండు సౌకర్యాలు చేర్చారు. ఎక్కడ కావాలంటే అక్కడ ఆటను భద్రపరచుకోవచ్చు. తప్పు అడుగు వేస్తే కొన్ని క్షణాలు వెనక్కి తిప్పుకోవచ్చు. అంతే! ముప్పై ఏళ్ళు జనాన్ని ఏడిపించిన లెవెల్‌ను ఒక్క సాయంత్రంలో దాటేశాను. లెవెల్‌ను తేలిక చేయలేదు. మళ్ళీ ప్రయత్నించడానికి అయ్యే ఖర్చును తగ్గించారు.

నా వాదన మొత్తం ఆ ఒక్క వాక్యంలో ఉంది. మన పిల్లలకు పరీక్ష తేలిక చేయమని ఎవరినీ అడగనక్కర్లేదు. మళ్ళీ ప్రయత్నించే ఖర్చు తగ్గించమని అడగాలి. కాలేజీ తెరిచేముందు నెల రోజులు ఇంగ్లీషు పుస్తకం చదవడం నేర్పే తరగతులు కావాలి. సప్లిమెంటరీ ఫీజు కట్టలేక పరీక్ష మానేసే పరిస్థితి ఉండకూడదు. ఒక్క సబ్జెక్టు పోయినంత మాత్రాన స్కాలర్‌షిప్ ఏమవుతుందోనని రాత్రంతా మేలుకునే భయం ఉండకూడదు. ఇవి ప్రభుత్వాన్ని అడగాల్సినవి. అర్జీలు రాద్దాం, సంఘాల ద్వారా అడుగుదాం.

అర్జీకి జవాబు వచ్చేలోగా మన చేతిలో ఉన్నవీ ఉన్నాయి. పూర్వ విద్యార్థులు వార్షికోత్సవానికి వచ్చి శాలువాలు కప్పించుకుని వెళ్ళడం సంతోషమే. ఆ శాలువా ఖర్చులో సగం పక్కన పెడితే కొంతమందికి సప్లిమెంటరీ ఫీజు కట్టవచ్చు. ప్రతి సీనియర్ తన మొదటి సంవత్సరం నోట్సు, పాత ప్రశ్నపత్రాలు, ఏ అధ్యాయం ఎందుకు కష్టంగా అనిపించిందో రాసిన ఒక కాగితం హాస్టల్‌లో వదిలి వెళ్ళాలి. దాన్ని మూడు జిరాక్స్ కాపీలు తీసి స్టడీ అవర్ గదిలో పెట్టాలి. మన మీద కేసు వేసేవాళ్ళెవరూ లేరు. కోతుల వరుస తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు చెప్పడమే దీని అర్థం. సొంత కాట్రిడ్జ్ ఉన్న ఇళ్ళలో అన్నలు, అక్కలు తమ్ముళ్ళకు చేసేది ఇదే. మన ఇళ్ళలో అలాంటి అన్నలూ అక్కలూ లేరు కాబట్టి హాస్టలే ఆ పని చేయాలి.

ఇక గేమ్ బాయ్ 'లయన్ కింగ్' గురించి నా తీర్పు అడిగితే, పదికి అయిదు మార్కులు వేస్తాను. బొమ్మకూ, గర్జనకూ నాలుగు, ఆ చిన్న పెట్టెలో అంత కథ ఇరికించిన శ్రమకు ఒకటి. కోసిన అయిదు మార్కుల్లో రెండు ఇరుకు తెరకు, మూడు రెండో లెవెల్‌కు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈ ఏడాది మీలో ఎవరికైనా మొదటి సెమిస్టర్‌లో ఒకటో రెండో పేపర్లు పోతే, పెట్టె సర్దుకునే ముందు ఒక్క మాట అడగండి. "ఈ మెట్టు ఎవరి కాలు కొలత తీసుకుని కట్టారు?" అని. అడిగాక మీ పై క్లాసు వాళ్ళ గది తలుపు కొట్టండి. తలుపు తీయాల్సిన బాధ్యత మాది.